చెక్కలో సత్తువ.. శుద్ధిలోనే చిక్కు

మైలవరం: నూనె తీయగా గానుగలో మిగిలిన చెక్క, పాలు విరిచి పనీర్ చేయగా మిగిలిన తేట నీరు, బియ్యానికి పాలిష్ పట్టగా రాలిన తవుడు.. ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇవి ఏళ్ల తరబడి పశువుల కుడితి తొట్టికో, మురుగు కాలువకో చేరుతున్నాయి. వ్యాయామం చేసే యువకులు కిలోకు రెండు మూడు వేల రూపాయలు వెచ్చించి కొంటున్న మాంసకృత్తుల పొడి పుట్టేదీ ఇటువంటి మిగులు పదార్థాల నుంచే. వే ప్రొటీన్‌కు మూలం చీజ్ తయారీలో మిగిలిన నీరు. సోయా ప్రొటీన్‌కు మూలం నూనె తీసిన సోయా చెక్క. నూకల నుంచి గంజిపిండినో, పానకాన్నో తీసిన తరువాత అడుగున నిలిచేది బియ్యపు ప్రొటీన్. డబ్బా మీద కండలు తిరిగిన బొమ్మను చూసి కొనేవారిలో ఈ సంగతి ఎరిగినవారు అరుదు.

తెలుగువారికి ఇది కొత్త విద్యేమీ కాదు. నూనె తీసిన నువ్వుల చెక్కను తెలగపిండి అని పిలిచి, మునగాకుతో కలిపి వండి బాలింతలకు పెట్టడం కోస్తా వంటింటి ఆచారం. అదే పిండి పరుగు సాధన చేసే యువకుడికి ఏ మేరకు ఉపకరిస్తుంది, ఏ చెక్క మనిషి తినదగినది, ఏది పశువుకు మాత్రమే తగినది అన్న విషయాలపై అవగాహన కొరవడుతోంది. డబ్బు వృథా కావడంతో పాటు కాలేయానికి ముప్పు తెచ్చే బూజు విషం ప్రస్తావన కూడా ఇందులో ఉండటంతో ఈ తేడా తెలుసుకోవలసి ఉంది.

రెండేళ్ల పరుగు

పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 1,600 మీటర్లను 8 నిమిషాల్లోగా, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలోగా పూర్తి చేయవలసి ఉంటుంది. అగ్నివీరుల ఎంపికలో మొదటి శ్రేణి మార్కులు దక్కాలంటే దాదాపు అంతే దూరాన్ని ఐదున్నర నిమిషాల్లో ముగించాలి. మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు వంటి మెట్ట మండలాల పల్లెల్లో సర్కారు కొలువుకు ఇదొక దారి. రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు చివరలో. అంటే అభ్యర్థులు దాదాపు రెండేళ్ల పాటు ఒంట్లో సత్తువ సడలకుండా కాపాడుకోవలసి వచ్చింది.

రోజుకు 30 గ్రాముల చొప్పున ఒక్క కొలత వాడినా కిలో డబ్బా నెల రోజులకే అడుగంటుతుంది. డబ్బా రెండున్నర వేలు అనుకుంటే రెండేళ్లకు 60 వేల రూపాయలు. కూలి పనులు చేసుకుంటూ తెల్లవారుజామున పరుగు తీసే కుర్రవాడికి ఇది మోయలేని భారం. అప్పు చేసి కొన్నవాడు దాన్ని సాగదీయడానికి అన్నం తగ్గించి, అన్నానికి బదులు పొడి కలుపుకొని తాగడం మొదలుపెడితే నష్టం రెండింతలవుతుంది. ఎందుకో తెలియాలంటే పరుగెత్తే శరీరం ఇంధనాన్ని ఎలా ఖర్చు చేస్తుందో చూడాలి.

ఆకలి కడుపులో మాంసకృత్తు కట్టెపుల్లే

ఏడెనిమిది నిమిషాల పాటు ఆగకుండా పరుగెత్తేటప్పుడు కండరాలకు శక్తి ప్రధానంగా పిండి పదార్థాల నుంచే అందుతుంది. తిన్న అన్నం గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. పెద్దవారిలో ఆ నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. దాన్ని కాల్చడానికి ప్రాణవాయువు కావాలి. దాన్ని మోసుకుపోయేది రక్తంలోని హిమోగ్లోబిన్. అందుకే రక్తహీనత ఉన్న యువతి ఎంత సాధన చేసినా మూడో చుట్టుకే ఆయాసపడుతుంది. ఆమెకు కావలసింది ప్రొటీన్ డబ్బా కన్నా ముందు ఇనుము.

ఇంధనంగా మాంసకృత్తుల వాటా మామూలుగా ఐదు శాతం అటూఇటూ. పిండి నిల్వలు అడుగంటితే అది పది శాతం దాకా పెరగవచ్చు. వాటి అసలు పని పరుగు ముగిశాక మొదలవుతుంది. ఒత్తిడికి దెబ్బతిన్న కండర పోగులను బాగుచేయడం, కణాల్లో శక్తిని పుట్టించే ఎంజైములను తయారుచేయడం వాటి వంతు. నెలల తరబడి సాధన చేసేవాడికి ఇది తప్పనిసరి అవసరం. అయితే పరుగుకు గంట ముందు తాగిన పొడి దమ్మును పెంచుతుందనుకోవడం భ్రమ.

కడుపుకు చాలినంత అన్నం లేనప్పుడు శరీరం మాంసకృత్తులను సైతం పొయ్యిలో కట్టెల్లా వాడేస్తుంది. ఈ విషయాన్ని దేశానికి గట్టిగా చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. 1960లలో దానికి సారథ్యం వహించిన డాక్టర్ సి.గోపాలన్, పేద పిల్లల్లో కనిపిస్తున్నది ప్రధానంగా కేలరీల కొరత అనీ, ఇంట్లో తినే తిండినే కడుపునిండా పెడితే మాంసకృత్తుల లోటు చాలావరకు తీరుతుందనీ వాదించారు. ప్రపంచమంతా మాంసకృత్తుల కొరత గురించే మాట్లాడుతున్న కాలంలో ఆ మాటకు సాహసం కావలసి వచ్చింది. పిల్లల గురించి ఆయన చెప్పిన సూత్రం అన్నం మాని పొడి తాగే పరుగు వీరులకూ వర్తిస్తుంది. మూడు వేల రూపాయల ప్రొటీన్‌ను ఒంట్లో కాల్చి, పిడికెడు బియ్యంతో వచ్చే శక్తిని పొందడం అన్నమాట.

ఎంత కావాలి?

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారం ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 60 కిలోల వ్యక్తికి ఇది 50 గ్రాములు. కఠిన సాధన చేసే క్రీడాకారులకు కిలోకు 1.2 నుంచి 2 గ్రాములని అమెరికా, కెనడాల పోషకాహార, క్రీడావైద్య సంఘాలు 2016లో సంయుక్తంగా సూచించాయి. రెండు గ్రాములు బరువులెత్తేవారి లెక్క. పరుగు సాధకుడికి 1.2 నుంచి 1.6 సరిపోతుంది. అంటే 60 కిలోల యువకుడికి 72 నుంచి 96 గ్రాములు.

ఇది ఇంటి తిండితో అందని లెక్క కాదు. రోజు మొత్తానికి 400 గ్రాముల బియ్యం వండుకుంటే అందులోనే 28 గ్రాముల వరకు ఉంటాయి. 75 గ్రాముల కందిపప్పులో 16 నుంచి 17, అర లీటరు గేదె పాలలో సుమారు 18, రెండు గుడ్లలో 12. ఇవన్నీ కలిపితే 74 దాటుతుంది. దీనికి 30 గ్రాముల తెలగపిండి చేర్చితే మరో 10 నుంచి 12 గ్రాములు. బజారు పొడి ఒక కొలతలో 20 నుంచి 24 గ్రాములు ఉంటాయి. అంటే తెలగపిండి కూర ఒక పూట తిన్నవాడికి ఆ కొలతలో సగం అందినట్టే. గుడ్డు, పాలు కొనలేని ఇంట్లో ఈ పిండి విలువ మరింత పెరుగుతుంది. మాంసకృత్తుల పొడులను కండలు పెంచుకోవడానికి వాడవద్దని అదే జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

తెలికవాడి పిండి

గానుగాడి నూనె తీసే వృత్తివారిని తెలికవారు అంటారు. వారి గానుగలో మిగిలింది గనుక తెలికపిండి. అదే నోళ్లలో నాని తెలగపిండి, తెలకపిండి అయింది. అసలు తెలగపిండి నువ్వులదే అయినా, కొన్ని ఊళ్లలో వేరుశనగ చెక్క పొడినీ అదే పేరుతో అమ్ముతున్నారు. వెల్లుల్లి తాలింపుతో, మునగాకుతో, పప్పుతో వండుతారు. ఉల్లిపాయలు కలిపి వడియాలూ పెడతారు. బాలింతకు పాలు పడతాయని పెద్దల నమ్మకం. పాల సంగతి ఎలా ఉన్నా, ప్రసవం తరువాత ఒళ్లు కోలుకోవడానికి మాంసకృత్తులు కావాలన్నది తిరుగులేని మాట. కండలు తిరగడమనే బొమ్మ లేకపోవడం వల్లనేమో, ఈ కూరను ఎవరూ ‘సప్లిమెంట్’ అనలేదు.

నూనె గింజలో నూనె సగం, మాంసకృత్తులు నాలుగో వంతు లేదా అంతకు తక్కువ ఉంటాయి. నూనె వెళ్లిపోగానే మిగిలినదాంట్లో మాంసకృత్తుల సాంద్రత పెరుగుతుంది. వేరుశనగ గింజలో 25 శాతం ఉండేవి గానుగ చెక్కలో 40 శాతం దాటుతాయి. నువ్వుల గింజలో 18 నుంచి 20 శాతం ఉండేవి చెక్కలో 35 నుంచి 40 శాతానికి చేరతాయి. మరో మర్మం కూడా ఉంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాల కూర్పు. నువ్వుల్లో మెథియోనిన్ సమృద్ధిగా, లైసిన్ తక్కువగా ఉంటాయి. కందిపప్పు, పెసరపప్పుల్లో సరిగ్గా దీనికి తిరగబడి లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. కాబట్టి తెలగపిండిని పప్పులో వేసి అన్నంతో తినడం రసాయనశాస్త్రం తెలియకుండానే కుదిరిన చక్కని జత. ఒంటరిగా చూస్తే మాత్రం వేరుశనగ మాంసకృత్తి నాణ్యత పాల మాంసకృత్తిలో దాదాపు సగమేనని అంతర్జాతీయ కొలమానాలు చెబుతాయి. జత లేని తెలగపిండిని గ్లాసెడు నీళ్లలో కలుపుకొని తాగితే ఆశించిన ఫలితం దక్కదు.

పొట్టు తీయని నల్ల నువ్వుల చెక్కలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి సున్నాన్ని, అంటే కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. చేదూ తగులుతుంది. నానబెట్టి, పొట్టు తీసి, ఆరబెట్టిన నువ్వులతో ఆడించిన చెక్క తినడానికి మేలు. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడిన చరిత్ర ఉన్నవారు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుడిని అడగకుండా ఈ పిండినీ, డబ్బా పొడినీ వాడకూడదు. నువ్వులు, వేరుశనగ పడని వారికి ప్రాణాపాయకరమైన అలర్జీ రావచ్చు.

మైసూరులో పుట్టిన మిశ్రమం

వేరుశనగ చెక్కను ఆహారంగా మార్చాలన్న ఆలోచన శాస్త్రవేత్తలకు స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే వచ్చింది. 1950లో మైసూరులో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, తొలి సంచాలకుడు డాక్టర్ వి.సుబ్రహ్మణ్యన్ కాలంలోనే, తినదగిన వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి విటమిన్లు, కాల్షియం చేర్చి ‘బహుళార్థక ఆహారం’ పేరుతో ఒక మిశ్రమాన్ని రూపొందించింది. వేరుశనగ మాంసకృత్తిని వేరుచేసి పాలలో కలిపిన ‘మిల్టోన్’ కూడా అక్కడి ఆవిష్కరణే. హైదరాబాద్ సంస్థ గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లంతో పిల్లల కోసం చేసిన పొడి ‘హైదరాబాద్ మిక్స్’గా పేరుపొందింది. పేదవాడికి చవకగా మాంసకృత్తులు అందించడమే వీటన్నింటి ధ్యేయం.

ఇంత ముందడుగు వేసినా వేరుశనగ పిండి సామాన్యుడి వంటింట్లో నిలవలేదు. వెనుకబడటానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇంగ్లండులో చచ్చిపోయిన టర్కీ కోళ్లు.

బూజు తెచ్చిన గండం

1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుబట్టని వ్యాధితో మరణించాయి. ఆరా తీస్తే కారణం బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క దాణాగా తేలింది. దాన్ని పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడుదల చేసిన విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయానికి క్యాన్సర్ తెచ్చే పదార్థమని ఆ తరువాత రుజువైంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందకు పైగా ప్రజలు కామెర్లతో చనిపోయారు. దాన్ని శోధించి అఫ్లాటాక్సిన్ పని అని తేల్చిన వారిలో హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు.

ఈ విషానికి మూడు దుర్గుణాలు ఉన్నాయి. వాసనకు, రుచికి చిక్కదు. వంటింటి మంటకు నశించదు, వేయిస్తే కొంత తగ్గుతుందంతే. అన్నిటినీ మించి, గింజను గానుగాడినప్పుడు విషంలో అధిక భాగం నూనెలోకి పోక చెక్కలోనే నిలుస్తుంది. అంటే మాంసకృత్తులతో పాటు విషమూ చిక్కబడుతుంది. కృష్ణా తీరంలో వానకాలం తేమ, తుపాను ముసురు బూజుకు అనువైన వాతావరణం. పశువుల దాణా కోసం గోదాముల్లో గోనె సంచుల్లో పేర్చిన చెక్కను కొని పొడి చేసి తినడం ఏ విధంగానూ క్షేమం కాదు. ఆ చెక్క కోసం వాడిన కాయ పుచ్చుదో, ముడతలు పడ్డదో చూసినవారు ఉండరు. నేల మీద ఆరబోసిందా, రసాయన ద్రావకంతో నూనె పిండిందా అన్నదీ తెలియదు. ఫ్యాక్టరీల్లో హెక్సేన్ అనే ద్రావకంతో నూనె లాగిన చెక్కను తినే పిండిగా మార్చాలంటే ఆ ద్రావకాన్ని పూర్తిగా ఆవిరి చేసే ప్రత్యేక ఏర్పాటు కావాలి. దాణా చెక్కకు అంత శ్రమ తీసుకోరు.

పశువు తిన్నా పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. బూజు చెక్క మేసిన గేదె పాలలోకి ఆ విషం ఎం1 అనే రూపంలో దిగుతుంది. పాలలో అది కిలోకు అర మైక్రోగ్రామును మించకూడదని ఆహార భద్రతా నిబంధన. కాబట్టి చెక్క నిల్వలో శుభ్రత పాడి రైతుకూ పట్టవలసిన విషయమే.

విరిచిన పాల నీటి కథ

పాల మాంసకృత్తుల్లో 80 శాతం కేసీన్. అది గడ్డకట్టి చీజ్ అవుతుంది. మిగిలిన 20 శాతం నీటిలోనే కరిగి ఉంటుంది, అదే వే. లీటరు చీజ్ నీటిలో మాంసకృత్తులు సుమారు ఆరు గ్రాములు మాత్రమే, మిగతాది ఎక్కువగా పాల చక్కెర. 80 శాతం మాంసకృత్తులున్న పొడి కిలో తయారు కావాలంటే 130 లీటర్లకు పైగా నీటిని సన్నని పొరల గుండా వడపోసి, వేడి గాలిలో చిమ్మి ఆరబెట్టాలి. పూర్వం పాశ్చాత్య దేశాల్లో ఈ నీటిని పందులకు పోసేవారు, లేదంటే వాగుల్లోకి వదిలేవారు. అందులోని చక్కెర కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును పీల్చేయడంతో చేపలు చచ్చేవి. కాలుష్య చట్టాలు బిగుసుకోవడం, 1970లలో పొరల వడపోత పరిజ్ఞానం అందుబాటులోకి రావడంతో చెత్త కాస్తా సరుకయింది.

మరి విజయవాడ మిఠాయి దుకాణాల వెనుక పారబోసే పనీర్ నీటితో ఈ పొడి చేయలేమా? ఇక్కడొక చిక్కు ఉంది. చీజ్‌కు పాలను గోరువెచ్చగానే ఉంచి తోడు, రెన్నెట్ వేస్తారు. పనీర్‌కు 80, 90 డిగ్రీల దాకా మరిగించి నిమ్మ ఉప్పు పోస్తారు. ఆ వేడికి వే మాంసకృత్తుల్లో చాలా భాగం ముడుచుకుపోయి కేసీన్‌తో పాటే పనీర్‌లో చేరిపోతుంది. నీటిలో మిగిలేది తక్కువ. పనీర్ తిన్నవాడు వేను కూడా తిన్నట్టే. ఆ నీటిని పారబోయక చపాతీ పిండి కలపడానికో, పప్పు ఉడికించడానికో వాడుకుంటే ఇంటి వరకు చాలు. తెలుగునాట డెయిరీలు సేకరించే పాలు ప్రధానంగా ప్యాకెట్ పాలు, పెరుగు, నెయ్యిగానే అమ్ముడుపోతాయి. చీజ్ తయారీ స్వల్పం. వే పొడికి చీజ్ నీరు పెద్దఎత్తున అందాలి గనుక, చిట్టినగర్ పాల ఫ్యాక్టరీ ఉన్న బెజవాడలోనూ ఈ పొడి బయటి నుంచి రావలసిందే.

డబ్బాలో ఉన్నదెంత?

వైద్యులు, పరిశోధకులు కలిసి దేశంలో అమ్ముడవుతున్న 36 రకాల మాంసకృత్తుల పొడులను పరీక్షించిన నివేదిక 2024లో ‘మెడిసిన్’ పత్రికలో ప్రచురితమైంది. సుమారు 70 శాతం డబ్బాల్లో మాంసకృత్తుల పరిమాణం చీటీ మీద రాసినదానికి సరిపోలలేదు. కొన్నింట్లో సగమే ఉంది. 14 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ వంటి బూజు విషాలు, 8 శాతంలో పురుగుమందు అవశేషాలు బయటపడ్డాయి. అంటే గానుగ చెక్కకు ఉన్న గండం ధగధగలాడే డబ్బాకూ ఉంది.

మోసానికి వీలు కల్పించేది కొలిచే పద్ధతే. ప్రయోగశాలలో సాధారణంగా నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి మాంసకృత్తుల లెక్క తేలుస్తారు. చవకగా దొరికే గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాన్ని కలిపితే నత్రజని పెరిగి లెక్క ఘనంగా కనిపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమిన్ కలిపింది ఈ కిటుకుతోనే. కొనక తప్పని వారు డబ్బాపై 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య, ప్రతి 100 గ్రాములకు మాంసకృత్తుల పరిమాణం, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. జిమ్‌లో చేతికిచ్చే, పేరూ ఊరూ లేని విడి పొడులను ముట్టకపోవడం ఉత్తమం. పోటీల్లో పాల్గొనే క్రీడాకారుల నమూనాలో నిషిద్ధ ఉత్ప్రేరకం దొరికితే, పొడిలో కల్తీ అని చెప్పినా బాధ్యత వారిదే అవుతుంది.

మిగతా మిగుళ్లు

నూనె తీసిన చెక్క మనిషి ఆహారంగా జనంలో నిలదొక్కుకున్న ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది. మీల్‌మేకర్! నూనె లాగిన సోయా పిండిని వేడితో, ఒత్తిడితో ముద్దలుగా పొంగించినదే అది. ఎండు మీల్‌మేకర్‌లో మాంసకృత్తులు 50 శాతం. సోయా మాంసకృత్తి నాణ్యతలో పాలకు దగ్గరగా వస్తుంది. ధరలో డబ్బా పొడికి ఏ మూలకూ రాదు. పెళ్లి భోజనాల బిర్యానీలో మాంసానికి మారుగా వాడే ఈ ముద్దలు పరుగు సాధకుడి పళ్లెంలో వారానికి రెండు మూడు సార్లు కనిపించడం మేలు.

తవుడు వ్యవహారం వేరు. డెల్టా మిల్లుల్లో క్వింటాలు ధాన్యానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తవుడు వస్తుంది. అందులో మాంసకృత్తులు 12 నుంచి 15 శాతం. పాలిష్ పట్టగానే లైపేజ్ అనే ఎంజైము నూనెను విరగగొట్టడం మొదలుపెట్టి కొన్ని గంటల్లోనే కనరు వాసన తెస్తుంది. మిల్లు దగ్గరే వేడిచేసి నిలకడ పరచకపోతే మనిషికి పనికిరాదు. బియ్యపు మాంసకృత్తికి విలువ లేదని మాత్రం అనలేం. 2013లో అమెరికాలో 24 మంది వ్యాయామశీలురకు ఎనిమిది వారాల పాటు వ్యాయామం చేసిన రోజుల్లో 48 గ్రాముల చొప్పున బియ్యపు ప్రొటీన్, వే ప్రొటీన్ వేర్వేరుగా ఇచ్చి చూస్తే ఫలితాలు ఇంచుమించు సమానంగా వచ్చాయి. అది బరువులెత్తేవారిపై జరిగిన చిన్న అధ్యయనమన్నది గమనార్హం.

పత్తి గింజల చెక్క జోలికి మాత్రం పోకూడదు. మాంసకృత్తులు దండిగానే ఉన్నా గాసిపాల్ అనే విషపదార్థం అందులో ఉంటుంది. నెమరువేసే పశువు కొంతవరకు తట్టుకుంటుంది. మనిషి తట్టుకోలేడు. పురుషుల్లో వీర్యకణాలను దెబ్బతీస్తుందని చైనాలో గుర్తించారు. మైలవరం, నూజివీడు ప్రాంతాల పేరు చెప్పగానే గుర్తొచ్చే మామిడి టెంకలోని జీడిపప్పులో మాంసకృత్తులు ఆరు శాతం చుట్టుపక్కలే. దాని విలువ కోకో వెన్నను పోలిన కొవ్వులో ఉంది. మాంసకృత్తుల కోసం టెంకలు పోగేయడం దండగ.

గానుగ దగ్గర జరగవలసింది

కట్టె గానుగ నూనెలకు గిరాకీ పెరగడంతో పట్టణాల్లోనూ, మండల కేంద్రాల్లోనూ గానుగలు మళ్లీ తిరుగుతున్నాయి. నూనెకు మంచి ధర పలుకుతున్నా చెక్క మాత్రం దాణా లెక్కనే పోతోంది. తినే పిండిగా అమ్మదలచిన గానుగదారు గింజ దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలి. పుచ్చు, ముడత, రంగు మారిన వేరుశనగ గింజల్లోనే విషం ఎక్కువగా పోగుపడి ఉంటుంది. వాటిని చేత్తో ఏరివేయడమే అన్నింటికన్నా చవకైన, ఫలవంతమైన శుద్ధి. ఏరివేతలో నేర్పున్న మహిళా సంఘాలకు ఇది పని కల్పించగలదు. ఏరిన గింజను తేలికగా వేయించి ఎర్రపొట్టు తీయాలి. తేమ 8 శాతం లోపు ఉండగానే ఆడించాలి.

నువ్వులు గానుగాడేటప్పుడు నూనె విడవడానికి కాసిన్ని నీళ్లు చిలకరించడం పాత పద్ధతి. ఆ చెక్క తడిగానే బయటికి వస్తుంది. దాన్ని ముద్దలుగా మూటకట్టి పెడితే రెండో రోజుకే బూజు పడుతుంది. అదే రోజు చిదిమి, శుభ్రమైన గుడ్డ మీద పలుచగా ఎండబెట్టి, పొడి కొట్టి, జల్లించి గాలి చొరని డబ్బాల్లో నింపాలి. గానుగ చెక్కలో ఎనిమిది, పది శాతం నూనె మిగిలే ఉంటుంది గనుక అది ఎక్కువ కాలం నిల్వ ఆగదు. చిన్న పొట్లాలుగా కట్టి, ఆడించిన తేదీ వేసి, నెలన్నరలోపు అమ్ముకోవడం క్షేమం.

అఫ్లాటాక్సిన్ పరీక్ష ఇంట్లో చేసుకునేది కాదు. అది గుర్తింపు పొందిన ప్రయోగశాలలో, కిలోకు మైక్రోగ్రాముల లెక్కలో తేల్చవలసిన విషయం. ప్రతి బస్తాకూ పరీక్ష చేయించడం చిన్న గానుగకు గిట్టుబాటు కాదు. పది మంది గానుగదారులు కలిసి, ఒకే చోట కొన్న గింజకు ఒకే నమూనా తీసి పంపితే ఖర్చు పంచుకోవచ్చు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకంలో వ్యక్తిగత యూనిట్లకు యంత్రాల వ్యయంపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణ అనుసంధాన రాయితీని నిర్దేశించారు. నూనె గానుగ పెట్టుకున్నవారు అదే దరఖాస్తులో ఎండబెట్టే యంత్రం, పిండిమర, జల్లెడలను కూడా చూపించుకోవచ్చు. తినే పిండి అని పొట్లం మీద రాయాలంటే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ముందే చేయించుకోవాలి. దాణా చెక్క ఉంచిన గదిలోనే ఈ పొట్లాలు కట్టకూడదు.